అప్‌డేట్: లారెల్–హార్డీ సినిమా చూశాం
పాతకాలం హాలీవుడ్ హాస్య జంట లారెల్, హార్డీల టాకీల్లో పిల్లలకు ముందు ఏది చూపించాలని అడిగాను కదా, ఎక్కువమంది ‘ది మ్యూజిక్ బాక్స్’ (1932) అన్నారు. చూశాం. పెట్టెలో ఉన్న పియానోను పొడవాటి మెట్ల మీదుగా పైనున్న ఇంటికి చేర్చాలి, అంతే కథ. పెట్టె జారి కిందికి పోయినప్పుడల్లా లోపల తీగలు ఝుంయ్‌మని మోగుతాయి. ఆ చప్పుడుకే పిల్లలు పడీపడీ నవ్వారు. మూకీలో ఈ మజా ఉండేది కాదు. తీరా పైకి చేరాక, ఇంటిదాకా రోడ్డే ఉందని పోస్ట్‌మ్యాన్ చెబుతాడు. ఇద్దరూ పెట్టెను మళ్లీ కిందికి దించి, బండి మీద ఆ రోడ్డున తీసుకొస్తారు! దీనికి కామెడీ షార్ట్ విభాగంలో ఆస్కార్ కూడా వచ్చింది. ఇంగ్లిష్ రాని మా అమ్మ సైతం హాయిగా చూసింది. ఆదివారం వాళ్లదే ‘వే అవుట్ వెస్ట్’ సినిమా పెడతాను. చెప్పినవాళ్లందరికీ చాలా థాంక్స్.