అప్‌డేట్: అన్నయ్య కేసులో తీర్పు వచ్చింది

లారీ ఢీకొని చనిపోయిన మా అన్నయ్యకు ఆదాయం కాగితాలేవీ లేవు, ప్రమాదమేమో వేరే జిల్లాలో జరిగింది, పరిహారం ఎలా అడగాలని రెండేళ్ల క్రితం అడిగాను. మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్ కింద వదిన ఉంటున్న చోటే కేసు వేయవచ్చని చెప్పినవారికి దండం.

అన్నయ్య చేసిన దర్జీ పనికి ఆధారమేదని బీమా కంపెనీ వకీలు గట్టిగానే వాదించారు. బట్టలు కుట్టించుకునే ముగ్గురు వచ్చి సాక్ష్యం చెప్పారు, అదే నిలబెట్టింది. ట్రిబ్యునల్ (ప్రమాద పరిహారం కేసులు వినే న్యాయస్థానం) అన్నయ్య ఆదాయాన్ని నెలకు 12,000 రూపాయలుగా ఒప్పుకుంది. వయసు 38 కనుక భవిష్యత్తు ఆదాయం కింద 40 శాతం కలిపి, ఆధారపడినవారు నలుగురు కనుక సొంత ఖర్చులకు నాలుగో వంతు తీసేసి, ఏడాది మొత్తాన్ని ఆ వయసుకు లెక్కలో వాడే 15తో హెచ్చవేశారు: 22,68,000. అంత్యక్రియల ఖర్చు వగైరా అదనం. పిల్లల వాటా మైనారిటీ తీరేదాకా బ్యాంకు డిపాజిట్‌లోనే.

కంపెనీ హైకోర్టుకు వెళ్తుందట. వెళ్లనీ, నోటీసు అందితే మళ్లీ రాస్తాను.