అప్‌డేట్: ఇగ్నిషన్ లాక్ మార్చాక కారు ఆగిపోయే సమస్య తీరింది
అరిగిన ఇగ్నిషన్ లాక్ సిలిండర్‌ను (ఇంజన్ స్టార్ట్ చేయడానికి తాళం పెట్టి తిప్పే భాగాన్ని) మార్పించిన తర్వాత ఇంజన్ అందుకున్న మరుక్షణమే ఆగిపోతోందని, డాష్‌బోర్డుపై తాళం గుర్తు మినుకుమంటోందని ఇదివరకు అడిగాను. కొత్త సిలిండర్‌తో వచ్చిన తాళంలో చిప్ లేకపోవడం వల్ల, దాన్ని గుర్తించని ఇమ్మొబిలైజర్ (దొంగతనం జరగకుండా, సరైన చిప్ ఉన్న తాళంతోనే ఇంజన్‌ను నడవనిచ్చే ఏర్పాటు) ఇంజన్‌ను ఆపేస్తోందని తేలింది. పాత తాళం తలను సిలిండర్ చుట్టూ ఉండే కాయిల్‌కు ఆనించి, కొత్త తాళాన్ని తిప్పగానే ఇంజన్ నిలకడగా నడిచింది. ఈ రకం చిప్‌కు బ్యాటరీ ఉండదు, ఆ కాయిల్ నుంచే శక్తిని అందుకుని తన సంకేతాన్ని పంపుతుంది కనుక, రిమోట్ బ్యాటరీ మార్చమన్న సలహా నాకు పనికిరాలేదు. షోరూమ్‌లో ఆర్సీ, గుర్తింపు కార్డు చూపించి, చిప్ ఉన్న తాళాన్ని కోయించి ప్రోగ్రామ్ చేయించాను. తలుపులకు మాత్రం పాత తాళమే వాడాలి. పాత తాళానికి సరిపడేలా కొత్త సిలిండర్ లోపలి పలకలను అమర్చగల పనివారు దొరికితే, ఖర్చు తగ్గే మార్గం అదే.