సూది ముక్క తీయకుండా అండాశయానికి ఏకంగా ఆపరేషనా?

పెద్దకూతురు:
అమ్మకు 58 ఏళ్లు. ఎడమ అండాశయంలో 9 సెంటీమీటర్ల నీటితిత్తి, అందులో ఒక మూల గట్టి భాగం. పొట్టలో నీరు లేదు. సీఏ-125 (అండాశయ కేన్సర్ అనుమానం ఉంటే చేసే రక్తపరీక్ష) 92. ఆపరేషన్ చేసి తీశాకే అదేమిటో చెప్పగలమంటున్నారు. రొమ్ములో గడ్డయితే ముందు సూదితో ముక్క తీసి చూస్తారుగా! ఇక్కడ ముందు కోత, తర్వాత రోగం పేరు. నాకు మింగుడు పడట్లేదు.

స్లైడ్లతో కాపురం:
నేను పాథాలజీ మనిషినండీ, తీసిన గడ్డల్ని మైక్రోస్కోపులో చూసే పని. మీ డాక్టరు మాటే సరైనది. అండాశయం పొట్టలో వేలాడుతుంది, చుట్టూ అడ్డుగోడ లేదు. కేన్సరే అయినా, పైకి పాకకుండా, తిత్తి పగలకుండా చేతికొస్తే స్టేజి 1ఏ, అంటే అన్నిటికంటే తొలి దశ. సూది గుచ్చి లోపలి ద్రవం కారిందా, మనమే దాన్ని 1సీకి, అంటే ద్రవం పొట్టలోకి చిందిన దశకు, తోసినట్టు. పైగా మ్యూసినస్ (లోపల జిగురు ద్రవం ఉండే) గడ్డలో ఒకవైపు మామూలు కణాలే ఉండి, నాలుగు సెంటీమీటర్ల అవతల కేన్సర్ ఉండొచ్చు. అందుకే గడ్డ మా బల్ల మీదికొచ్చాక సెంటీమీటరుకో ముక్క చొప్పున కోస్తాం. సూదికి ఆ భాగ్యమెక్కడిది?

కత్తి పట్టిన చెయ్యి:
సగమే ఒప్పుకుంటా. పొట్టనిండా నీరు, ఓమెంటం (పేగుల మీద కప్పి ఉండే కొవ్వు పొర) గట్టిపడి ఉంటే ముక్క ముందే తీయాలి. కీమోతో మొదలుపెట్టాల్సి రావచ్చు. నాకో పాఠం ఉంది. సీఏ-125 వందల్లో, బరువు తగ్గారు, పొట్టలో నీరు. కేన్సరేనని తెరిస్తే పెరిటోనియం (పొట్ట లోపలి పొర) మీద ఆవగింజలంత తెల్లటి పొక్కులు. టీబీ! మాత్రలతో పోయేదానికి పొట్ట కోశాను.

స్లైడ్లతో కాపురం:
అది ఓమెంటంలో గుచ్చే సూది సార్, అండాశయంలో కాదు. ఇక లక్షణాలు మోసం చేస్తాయంటారా, ఒప్పుకుంటా. మీగ్స్ సిండ్రోమ్‌లో పొట్టలోనూ ఊపిరితిత్తి చుట్టూనూ నీరు చేరి అచ్చం ముదిరిన కేన్సర్‌లా ఉంటుంది. తీరా చూస్తే ఫైబ్రోమా, కేన్సర్ కాని అండాశయ గడ్డ. అది తీసేస్తే నీరంతా ఇంకిపోతుంది.

కత్తి పట్టిన చెయ్యి:
మరి ఫ్రోజెన్ సంగతి, అదే ఆపరేషన్ మధ్యలోనే ముక్కను గడ్డకట్టించి చూసే పరీక్ష? అరగంటలో మీరు చెప్పే మాట మీదే ఎంత తీయాలో తేల్చుకుంటాం. బోర్డర్‌లైన్ (మామూలు గడ్డకూ కేన్సర్‌కూ మధ్యరకం) అని చెప్పి, తర్వాత పారఫిన్‌లో (మైనంలో బిగించి కొన్ని రోజులకు తేల్చే పూర్తి పరీక్షలో) కేన్సర్ అన్న రిపోర్టులు మీవాళ్లవే.

స్లైడ్లతో కాపురం:
మావే. అరగంటలో కొద్ది ముక్కలకు మించి చూడలేం. అందుకే పిల్లలు కావాలనుకునే వయసైతే, బోర్డర్‌లైన్ అన్నప్పుడు ఆ ఒక్క అండాశయంతో సరిపెట్టి పక్కా రిపోర్టు రానివ్వమంటా. ఈ అమ్మగారి లెక్క వేరు. ముట్లు ఆగాయి కాబట్టి 3, గట్టి భాగానికి 1, వాటిని 92తో గుణిస్తే 276. ఆర్ఎంఐ (కేన్సర్ అనుమానాన్ని కొలిచే ఈ లెక్క) 200 దాటిందంటే కేన్సరని కాదు, అనుమానం గట్టిదని. కేన్సర్ సర్జన్‌కే చూపించండి.

పెద్దకూతురు:
అంటే రేపు నేను అడగాల్సింది సూది గురించి కాదు, ఆ రోజు ఫ్రోజెన్ చూసేవాళ్లు ఉంటారా అని. అంతేనా?

కత్తి పట్టిన చెయ్యి:
అదొకటమ్మా. కీహోల్‌లో (చిన్న రంధ్రాల్లోంచి) చేస్తామంటే, తిత్తి పగలకుండా ఎలా బయటికి తీస్తారో కూడా అడుగు.