వెడల్పు పాదాలు, ఎత్తు మీగాలు: స్కీ బూట్లు నొప్పి లేకుండా ఎలా కుదుర్చుకోవాలి?

పానగల్ గట్టు (నల్లగొండ), డిసెంబర్ 11

అన్నలూ, అక్కలూ, ఫిబ్రవరిలో గుల్మార్గ్ వెళ్తున్నాను. రెండు వారాల స్కీయింగ్ కోర్సు. భువనగిరి కోట గుట్ట మీద రాక్ క్లైంబింగ్ నేర్చుకున్నప్పటి నుంచి నాకు కొండల పిచ్చి పట్టింది. 2014లో ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ మొదట తాడు పట్టుకున్నది ఆ బండల మీదే. అక్కడ మొదలుపెడితే మనం కూడా మంచు దాకా పోవచ్చని నాకు గట్టిగా అనిపించింది.

కష్టమంతా కాళ్లతోనే. ఏడో తరగతి దాకా చెప్పులు తొడిగింది తక్కువ. పొలం గట్లు, చెరువు కట్ట, బడి, అన్నీ ఉత్త కాళ్లతోనే. పాదం ముందు భాగం విసనకర్రలా పరుచుకుంది, మీగాలు ఉబ్బెత్తుగా ఉంటుంది, మడమ మాత్రం సన్నం. పొడవుకు 7 నంబర్ చాలు, కానీ వెడల్పు కోసం ఎప్పుడూ 9 కొంటాను.

పోయిన ఏడు మనాలి వైపు వెళ్లినప్పుడు అద్దె బూట్లు తీసుకున్నాను. షూ నంబర్ 9 అంటే 28 ఇచ్చారు. అరగంట తిరక్కుండానే మీగాలు మొద్దుబారింది, అరికాలు గుంజుకుపోయింది. బకిల్స్ అన్నీ వదులు చేసి మంచులో కూర్చుండిపోయాను. ఇంటికొచ్చాక రెండు బొటనవేళ్ల గోర్లు నల్లబడి ఊడిపోయాయి. ఈసారి అట్లా కావొద్దు. హైదరాబాద్‌లో తిరిగిన షాపుల్లో ట్రెక్కింగ్ బూట్లే చూపించారు. కొలతకు చేయించుకోవచ్చా? అద్దెవే తీసుకుంటే ఏం చూసుకోవాలి?

పాలమూరు బిడ్డ (ఇప్పుడు డెన్వర్), డిసెంబర్ 12

తమ్ముడూ, నీ పోస్టు చదువుతుంటే నా మొదటి సీజన్ గుర్తొచ్చింది. నావీ జడ్చర్లలో ఉత్త కాళ్లతో పెరిగిన పాదాలే. వివరంగా చెప్తాను, ఓపిగ్గా చదువు.

నువ్వు పడ్డ బాధకు మూలం ఆ 28 నంబరే. వెడల్పు కావాలని పొడవు పెంచుకున్నావు. బూటు పొడవైతే మడమ లోపల లేస్తుంది, వాలులో పాదం ముందుకు జారుతుంది, గోర్లు గోడకు గుద్దుకుంటాయి. జారకుండా ఉండాలని నువ్వు బకిల్ బిగిస్తావు. ఆ బిగువంతా మీగాలి మీద పడి నరం, రక్తనాళం నొక్కుకుపోతాయి, అందుకే మొద్దుబారింది. వేళ్లు నేలను పట్టుకోవాలని ముడుచుకుంటాయి, అందుకే అరికాలు గుంజింది. చూశావా, పెద్ద బూటే బిగుతు బూటు కన్నా ఎక్కువ ఏడిపిస్తుంది.

స్కీ బూటు నంబర్‌ను మోండోపాయింట్ అంటారు. అది మామూలు చెప్పుల నంబర్ కాదు, పాదం పొడవే సెంటీమీటర్లలో. పాదం 26 సెంటీమీటర్లుంటే బూటు 26. ఇంకో మాట, చాలా కంపెనీల్లో 26కి, 26.5కి బయటి ప్లాస్టిక్ డొప్ప ఒక్కటే. కాబట్టి అర నంబర్ పెంచితే చోటు దొరుకుతుందని ఆశపడకు.

వెడల్పుకు వేరే లెక్క ఉంది. 26.5 సైజు దగ్గర డొప్ప ముందు భాగం ఎంత వెడల్పో మిల్లీమీటర్లలో చెప్తారు. 97, 98 అంటే సన్న పాదాలకు, 100 నడిమి రకం, 102 నుంచి 104 దాకా వెడల్పు పాదాలకు. నువ్వు అడగాల్సింది ఇదే: పొడవు నీ అసలు పొడవు, వెడల్పు 102కి పైన.

వేసుకునేటప్పుడు ఈ పరీక్ష తప్పకుండా చెయ్. లోపలి మెత్తటి లైనర్ బయటికి లాగు. ఉత్త డొప్పలో కాలు పెట్టి వేళ్లు ముందు గోడకు తగిలీ తగలనట్టు నిలబడు. మడమ వెనక ఖాళీలో ఎన్ని వేళ్లు పడతాయో చూడు. ఒకటిన్నర నుంచి రెండు వేళ్లు, అంటే 15 నుంచి 20 మిల్లీమీటర్లు ఉంటే సరైన బూటు. మూడు వేళ్లు పట్టాయంటే అది నీది కాదు, ఎవరెంత చెప్పినా తీసుకోకు. తర్వాత లైనర్ పెట్టి, బకిల్స్ వేసి నిటారుగా నిలబడితే వేళ్లు ముందు గోడకు తగులుతాయి. మోకాళ్లు వంచగానే మడమ వెనక్కి కూర్చుని వేళ్లు వదులవుతాయి. నిలబడ్డప్పుడు తగిలిందని భయపడి పెద్దది అడిగేవాళ్లే ఎక్కువ. నేనూ అదే చేశాను.

పానగల్ గట్టు, డిసెంబర్ 12

అక్కా, చాలా థ్యాంక్స్. ఇప్పుడే గోడకు మడమ ఆనించి కొలిచాను. పొడవు 25.8, వెడల్పు 10.9 సెంటీమీటర్లు. 26లో నా కాలు అసలు దూరుతుందా? టెన్షన్‌గా ఉంది.

ఆరె దారం (మహబూబ్‌నగర్), డిసెంబర్ 12

తమ్మీ, మాది మూడు తరాల చెప్పులు కుట్టే ఇల్లు. స్కీ బూటు నేను చేతితో ముట్టుకోలేదు, కానీ పాదం కొలవడం తెలుసు. నువ్వు కొలిచింది ఒక పొడవు, ఒక వెడల్పు. దానితో చెప్పు కూడా కుట్టలేం.

మా బాపు ఎట్లా కొలుస్తాడో చెప్తాను. టేపు వాడడు. పాత పేపర్‌ను వేలెడంత వెడల్పు పట్టీగా చింపుతాడు. వేళ్ల మొదట్లో కణుపుల చుట్టూ ఆ పట్టీ తిప్పి, కలిసిన చోట గోరుతో చిన్న గాటు పెడతాడు. మీగాలు ఎక్కువ లేచిన చోట చుట్టి ఇంకో గాటు. మడమ చివరి నుంచి మీగాలి మీదుగా ఏటవాలుగా చుట్టి మూడో గాటు. ఎడమ కాలికో పట్టీ, కుడి కాలికో పట్టీ. ఆ గాట్లు చూసి, పాదం ఆకారంలో ఉండే కట్టె ఫర్మా మీద ఎక్కడ తోలు ముక్క అతికి ఎత్తు పెంచాలో చెప్పేస్తాడు. 10.9 వెడల్పున్న పాదాలు రెండున్నా, చుట్టుకొలత ఒకటి లావు, ఒకటి పలచన ఉంటుంది. బాధ అక్కడే మొదలవుతుంది.

కాగితం మీద పాదం గీసేటప్పుడు పెన్సిల్ నిట్టనిలువుగా పట్టాలి. లోపలికి వంచితే అర సెంటీమీటరు దొంగ లెక్క వస్తుంది. కూర్చుని కాదు, బరువంతా కాలి మీద మోపి నిలబడి గీయించుకో. పొద్దున కాదు, సాయంత్రం గీయించుకో, అప్పటికి పాదం ఉబ్బి అసలు సైజు చూపిస్తుంది. పెద్ద కాలు ఏదో చూసి దానికే బూటు తీసుకో.

నల్లమల నీడ (అచ్చంపేట), డిసెంబర్ 13

ఇంత కష్టం ఎందుకు బ్రో? ఆన్‌లైన్‌లో ఫోమ్ పోసి చేసే కస్టమ్ లైనర్లు ఉన్నాయంట. ఖరీదైనా అవి తెప్పించుకుంటే అయిపోతుంది కదా?

పాలమూరు బిడ్డ, డిసెంబర్ 13

తమ్ముడూ, అవి మంచివే. కానీ ఫోమ్ పోసేటప్పుడు నువ్వు డొప్పలో కాలు పెట్టి, సరైన వంపులో నిలబడి ఉండాలి. పక్కన తెలిసినవాడు ఉండాలి. కొరియర్‌లో వచ్చే పని కాదు. పైగా డొప్పే తప్పు సైజైతే లోపల ఎంత ఖరీదైన లైనర్ పెట్టినా దండగే.

ఇక్కడ బూట్ ఫిట్టర్లు ఏం చేస్తారంటే, నొప్పి పుట్టే చోట డొప్పను వేడి చేసి, ప్రెస్ పెట్టి బయటికి ఉబ్బిస్తారు. కొన్ని చోట్ల లోపలి ప్లాస్టిక్‌ను గీకి పలచన చేస్తారు. మీగాలు ఎత్తుగా ఉంటే అడుగున ఉండే పలకను అరగదీస్తారు, పాదం కిందికి దిగి పైన చోటొస్తుంది. నీ కాలికి చివరికి పనికొచ్చేది ఇదే. మొత్తం మీద నేను బూట్లకు 600 డాలర్లు, అరికాలి అచ్చుతో చేసిన ఫుట్‌బెడ్‌కు 200 పెట్టాను. మొదటిసారి నేర్చుకునేవాళ్లు అంత పెట్టొద్దు. ఈ రెండు వారాలకు అద్దె బూట్లే తీసుకో, కానీ పైన చెప్పినట్టు పరీక్షించి తీసుకో. గట్టితనం కూడా అడుగు, దాన్ని ఫ్లెక్స్ అంటారు. నేర్చుకునేవాళ్లకు 60 నుంచి 90 లోపు చాలు.

సాక్స్ ఒక్క జతే, పలచనిది, మోకాలి కింది దాకా వచ్చేది. చలికని రెండు జతలు తొడిగితే మడతలు పడి రక్తం ఆగిపోయి ఇంకా చలేస్తుంది. థర్మల్ ప్యాంట్ అంచు బూటులోకి దూర్చకు.

మర్రిగూడ వాడు (ఇప్పుడు కెల్గరీ), డిసెంబర్ 14

చాలా రోజులుగా రాయాలా వద్దా అనుకుంటున్న విషయం, ఇక్కడ రాస్తున్నాను.

మా మండలం సంగతి నల్లగొండ జిల్లా వాళ్లకు చెప్పక్కర్లేదు. లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటొద్దని ప్రమాణం. మేం చిన్నప్పుడు తాగిన బోరు నీళ్లలో అంతకన్నా చాలా ఎక్కువ ఉండేది. నా తోటి పిల్లల్లో నడుం వంగిపోయినవాళ్లున్నారు. నా అదృష్టం, మోకాళ్ల దగ్గర కాళ్లు కొంచెం బయటికి వంగి అక్కడితో ఆగాయి. నడవడానికి ఇబ్బంది లేదు.

ఇక్కడికొచ్చాక ఆఫీసు వాళ్లతో స్కీయింగ్‌కు వెళ్లాను. ఎంత నేర్పినా రెండు స్కీలూ బయటి అంచు మీదే నడిచేవి, మలుపు తిరిగితే పడిపోయేవాణ్ణి. ఇది నాకు రాదులే అని మనసులో తీర్మానించుకున్నాను. ఒక ముసలాయన, బూట్ ఫిట్టర్, నన్ను ఉత్త కాళ్లతో పలక మీద నిలబెట్టి మోకాలి చిప్ప మధ్య నుంచి దారానికి గుండు కట్టి వదిలాడు. మేస్త్రీ గోడకు గుండు పట్టినట్టే. అది పాదం మధ్య కాకుండా బయటి వైపు పడింది. ఆయన ఏమీ అడగలేదు. చీలమండ దగ్గర ఉండే స్క్రూ తిప్పి బూటు పైభాగాన్ని నా పిక్క వంపుకు తగ్గట్టు బయటికి వంచాడు. తర్వాత అడుగు భాగాన్ని ఒక డిగ్రీకి పైగా ఏటవాలుగా చెక్కాడు. ఆ మధ్యాహ్నం మొదటిసారి స్కీ మంచు మీద బల్లపరుపుగా కూర్చుంది. లిఫ్ట్ దగ్గర నిలబడి చాలాసేపు ఏడ్చాను.

మన వైపు నుంచి వెళ్లేవాళ్లు ఇది గుర్తుంచుకోండి. కాళ్లు వంకరుంటే నేర్చుకోలేరని కాదు, బూటు నిటారు కాళ్లకు తయారైంది, అంతే. చాలా బూట్లకు ఆ స్క్రూ ఉంటుంది, అద్దెవాటిల్లోనూ కొన్నింటికి ఉంటుంది. అడగడానికి మొహమాటపడొద్దు.

పానగల్ గట్టు, డిసెంబర్ 14

అన్నా, మా మేనమామది మర్రిగూడే. మీ పోస్టు ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. అమ్మ మళ్లీ చదవమంది.

కోదాడ ఫిజియో, డిసెంబర్ 15

ఒక్క చిన్న విషయం. మడమలు నేలకు ఆనించి గొంతుకూర్చోగలవా చూసుకో. మన వైపు చాలామందికి వస్తుంది. రాకపోతే చీలమండ వంగడం తక్కువ అన్నట్టు. అప్పుడు బూటు వంపు కాలిని వెనక్కి తోసి మడమ లేపుతుంది. మడమ కింద కొన్ని మిల్లీమీటర్ల ఎత్తు పెడితే తేడా తెలుస్తుంది. పాత ఫ్రాక్చర్లు ఉన్నవాళ్లు ముందే చూపించుకోండి.

వనపర్తి మాస్టారు, డిసెంబర్ 16

బాబూ, నాకు మంచుకొండలతో పని లేదు, షుగర్‌తో పాదాలకు స్పర్శ తగ్గింది. మెత్తటి ఎంసీఆర్ రబ్బరు చెప్పులు, వెనక పట్టీతో వాడతాను. నాకు నొప్పి తెలియదు కనుక డాక్టర్ ఒక పద్ధతి నేర్పారు. కొత్తవి అరగంట తొడిగి, విప్పి, అద్దం కింద పెట్టి అరికాలు చూసుకోవాలి. ఎర్రబడ్డ చోటు 20 నిమిషాల్లో మామూలుగా మారకపోతే అక్కడ ఒత్తుతున్నట్టే. చలికి మొద్దుబారిన కాలు కూడా నా కాలు లాంటిదే కదా. రూములో, వెచ్చగా ఉన్నప్పుడే ఈ పరీక్ష చేసుకో.

పానగల్ గట్టు, మార్చి 2

కోర్సు పూర్తి చేసి వచ్చాను! అందరికీ చెప్పాలని ట్రెయిన్‌లోనే రాయడం మొదలుపెట్టాను.

అద్దె బూట్ల దగ్గర అతను నా షూలు చూసి 28 చేతిలో పెట్టాడు. నేను 26, వెడల్పు రకం అడిగాను. నవ్వాడు. 26 ఒకటి తీసుకుని లైనర్ లాగి డొప్పలో కాలు పెట్టి చూపించాను, వెనక సరిగ్గా రెండు వేళ్లు. అప్పుడు నవ్వలేదు, వెనక అరలోంచి ఇంకో మూడు జతలు తెచ్చాడు. మూడోది కుదిరింది. దూర్చడానికి ఐదు నిమిషాలు పట్టింది, చల్లగా ఉంటే ప్లాస్టిక్ బిగుసుకుంటుంది కదా. తర్వాతి రోజు నుంచి రాత్రి లైనర్లు విప్పి రూములో ఆరబెట్టి, పొద్దున వెచ్చగా తొడిగాను. హీటర్‌కు దగ్గరగా మాత్రం పెట్టలేదు.

మీగాలి మీది బకిల్ అన్నిటికన్నా వదులు పన్నుకే పెట్టి, పైవి రెండూ బిగించాను. మడమ కదల్లేదు. మొద్దుబారడం ఒక్క రోజు కూడా లేదు. మొదటి వారమంతా కింద చిన్న వాలులోనే, పదోరోజుకు మలుపులు వచ్చాయి.

ఎడమ చిటికెన వేలి కణుపు మాత్రం మూడో రోజు నుంచి మండింది. మాస్టారు చెప్పిన పరీక్ష చేస్తే అక్కడే రూపాయి బిళ్లంత ఎరుపు, అరగంటైనా పోలేదు. ఆరె దారం అన్న బస్సులో పంపిన ఎంసీఆర్ షీటు ముక్క బ్యాగులో ఉంది. దాన్ని గుండ్రంగా కోసి, మధ్యలో కణుపంత రంధ్రం పెట్టి, లైనర్ బయటి వైపు అతికించాను. ఒత్తిడి చుట్టూ పడింది, కణుపు ఖాళీలో కూర్చుంది. గోర్లు రెండూ భద్రం.

వచ్చే ఏడు మా చెల్లెలు కూడా వస్తానంటోంది. దానివి నాకన్నా వెడల్పు పాదాలు, పిక్కలు కూడా లావు. నిన్న సాయంత్రం నిలబెట్టి కుడి కాలు గీశాను, మూడు గాట్ల పట్టీ కూడా తీశాను. ఫొటో పెడుతున్నా.

పాలమూరు బిడ్డ, మార్చి 2

తమ్ముడూ, నాకెంత సంతోషంగా ఉందో! చెల్లెలికి ఆడవాళ్ల బూట్లు అడుగు, పైభాగం పొట్టిగా, వెడల్పుగా ఉంటుంది, పిక్క నొక్కదు.

ఆరె దారం, మార్చి 3

గీత మంచిగా వచ్చింది తమ్మీ, పెన్సిల్ వంగలేదు. ఎడమ కాలిది కూడా గీసి పెట్టు. బాపు చూస్తానంటున్నాడు.