షికాగోకు కొత్త: ‘ఏ’లో నేర్చిన బ్లూస్ లిక్కు ‘బి ఫ్లాట్’లో వాయించడం ఎలా?

ప్రశ్న (కొత్త సభ్యుడు, షికాగో)

పెద్దలందరికీ నమస్కారం. ఉద్యోగరీత్యా ఆగస్టులో విజయవాడ నుంచి ఇక్కడికి వచ్చాను. చిన్నప్పుడు ఆరేళ్లు కర్ణాటక గాత్రం నేర్చుకున్నాను. గిటారు మాత్రం ఇక్కడికి వచ్చాకే కొన్నాను. వీడియోలు చూసి ‘ఏ’ కీలో (శ్రుతిలో) అయిదు లిక్కులు (చిన్న చిన్న స్వర పలుకులు) కంఠస్థం చేసి, గతవారం మా ఇంటి దగ్గరి బార్‌లో జరిగే బ్లూస్ జామ్‌కు (వచ్చినవారంతా కలిసి వాయించే సభకు) ధైర్యం చేసి వెళ్లాను. వేదిక మీది గాయకుడు ‘షఫుల్ ఇన్ బి ఫ్లాట్, ఫ్రమ్ ద ఫైవ్’ అన్నాడు. అందులో నాకు అర్థమైనది ‘షఫుల్’ ఒక్కటే. పాట ముగిసేదాకా గిటారు మెడలో వేసుకుని, వాల్యూమ్ సున్నాకు తిప్పి, నవ్వుతూ నిలబడ్డాను. ఒక్కొక్క లిక్కునూ 12 కీలలో విడివిడిగా బట్టీ పట్టవలసిందేనా? దయచేసి చెప్పగలరు.

జవాబు (నేపర్‌విల్)

తమ్ముడూ, బట్టీ పట్టవలసినది ఒక్కటే. అయితే దానిని ఫ్రెట్ (గిటారు మెడ మీది అడ్డపట్టీ) అంకెలుగా కాక స్వరాలుగా పట్టాలి. మీకు గాత్రం వచ్చు కనుక ఈ సంగతి మీకు ఇతరులకంటే త్వరగా అందుతుంది. ఆరు శ్రుతిలో నేర్పిన కీర్తనను మరునాడు గురువుగారు శ్రుతిపెట్టె ఆరున్నరకు మార్చి పాడమంటే, దానిని మీరు మళ్లీ మొదటి నుంచి నేర్చుకున్నారా? ‘ఏ’ అంటే ఆరు శ్రుతి, ‘బి ఫ్లాట్’ అంటే ఆరున్నర. ఆ రాత్రి మిమ్మల్ని నిలబెట్టిన దూరం ఒక్క ఫ్రెట్.

ఆరో తీగ, అంటే అన్నిటికంటే లావైన తీగ మీద 5వ ఫ్రెట్ ‘ఏ’. అక్కడ చూపుడువేలు ఉంచి మీరు నేర్చుకున్న పెట్టె ఆకారంలో ఉన్నవి షడ్జం, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం, కైశికి నిషాదం. ఇక్కడివారు దానిని మైనర్ పెంటటానిక్ అంటారు; మన శుద్ధ ధన్యాసి స్వరస్థానాలూ అవే. స్వరస్థానాలు అవే అన్నంత మాత్రాన రాగం అదే అని నా ఉద్దేశం కాదు. ఆ గాంధారాన్ని మన గురువులు పలికించే తీరు వేరు, మిసిసిపీ డెల్టా నుంచి ఈ ఊరికి వలస వచ్చిన మడ్డీ వాటర్స్ వంటి బ్లూస్ గాయకులు పలికించిన తీరు వేరు.

ఇక లిక్కు సంగతి చూద్దాం. మూడో తీగ 7వ ఫ్రెట్‌లో ఉంగరపు వేలితో ‘మ’ పట్టి, వెనుక మధ్యవేలినీ చూపుడువేలినీ దన్నుగా ఉంచి, తీగను ‘ప’ వినిపించేదాకా పైకి తోయండి. వెంటనే రెండో తీగ 5వ ఫ్రెట్‌లో అదే ‘ప’ మీటండి. ఈ రెండు పంచమాలూ ఒకటిగా వినిపించినప్పుడే లాగుడు సరిపోయినట్లు. తంబూరా ముందు కూర్చున్న చెవికి ఇది వేరే చెప్పనక్కరలేదు. తరువాత ఒకటో తీగ 5లో పై ‘స’, రెండో తీగ 8లో ‘ని’, 5లో ‘ప’, మూడో తీగ 7లో ‘మ’, 5లో ‘గ’, చివరికి నాలుగో తీగ 7లో కింది ‘స’ మీద ఆగండి. మప, ప, స, ని, ప, మ, గ, స అని నోటితో పలుకుతూ వాయించండి. ఇప్పుడు చెయ్యి మొత్తాన్ని ఒక్క ఫ్రెట్ పైకి జరిపి, అవే స్వరాలు పలుకుతూ మళ్లీ వాయించండి. అంకెలు 8, 6, 6, 9, 6, 8, 6, 8 అయ్యాయి కాని మీ నోట పలికినది మారలేదు. అదే ‘బి ఫ్లాట్’.

సాధనకు నేను వాడే వరుస ఇది: ‘ఏ’ 5, ‘డి’ 10, ‘జి’ 3, ‘సి’ 8, ‘ఎఫ్’ 1 లేదా 13, ‘బి ఫ్లాట్’ 6, ‘ఇ ఫ్లాట్’ 11, ‘ఏ ఫ్లాట్’ 4, ‘డి ఫ్లాట్’ 9, ‘ఎఫ్ షార్ప్’ 2, ‘బి’ 7, ‘ఇ’ 12. ఇవన్నీ ఆరో తీగ మీద చూపుడువేలి స్థానాలు. ప్రతి మెట్టులోనూ వెనుకటి ‘స’కు ‘మ’ అయినది కొత్త ‘స’ అవుతుంది కనుక ఒక్కొక్క ఫ్రెట్ జరుపుతూ పోవడం కంటే ఇది మెదడుకు ఎక్కువ పని పెడుతుంది, బ్లూస్‌లో కార్డులు (కలిపి మోగించే స్వరాల గుంపులు) మారే దారి కూడా చాలావరకు ఇదే. మెట్రోనోమ్‌ను (తాళయంత్రాన్ని) 60 దగ్గర ఉంచి, రెండు బార్లు (తాళావర్తనాలు) లిక్కు వాయించి రెండు బార్లు ఊరుకోండి. ఆ ఊరుకున్న రెండు బార్లలోనే తరువాతి కీ స్థానాన్ని కంటితో వెతుక్కోవాలి.

జరిపితే చాలు అన్నాను కాని చేతికి అన్ని చోట్లా ఒకే సుఖం ఉండదు. నేను వచ్చిన కొత్తలో ఒక జామ్‌లో ‘ఎఫ్’ అన్నారు. నేను బుద్ధిమంతుడిలా 1వ ఫ్రెట్‌కు వెళ్లాను. నట్‌కు (మెడ చివర తీగలు ఆనే పట్టీకి) అంత దగ్గరలో తీగ లాగడానికి మొండికేస్తుంది. నా ‘మ’ ఎంత తోసినా ‘ప’ను చేరక మధ్యలోనే వేలాడింది, పైగా ఒకసారి కాదు, బ్లూస్ పాటలో ఒక చుట్టు అయిన పన్నెండు బార్లలో నాలుగుసార్లు. పక్కనున్న బేస్ వాద్యకారుడు నా భుజం తట్టి, కంటితో 13వ ఫ్రెట్ వైపు చూపించాడు. మీది ఎలక్ట్రిక్ గిటారు అయితే ‘ఎఫ్’కు అక్కడికే వెళ్లండి. అకూస్టిక్ అయితే మెడ సాధారణంగా 14వ ఫ్రెట్ దగ్గర డొక్కలో కలిసిపోతుంది కనుక 15వ ఫ్రెట్‌లో లాగడం కష్టం. అప్పుడు లాగకుండా ‘మ’ నుంచి ‘ప’కు జారండి.

‘ఇ’ కీలో వట్టి తీగలు వాడి నేర్చిన లిక్కులు అలాగే జరగవు. వట్టి తీగ చేసిన పనిని చూపుడువేలు చేయాలి, కాబట్టి వేళ్ల ఏర్పాటు మారుతుంది. కాపో (తీగలన్నిటినీ ఒక ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టే బిగింపు) పెట్టుకోవడం తప్పేమీ కాదు, బ్లూస్ గిటారిస్టు ఆల్బర్ట్ కాలిన్స్ జీవితమంతా కాపోతోనే వాయించారు. కాని పాటకూ పాటకూ మధ్య దానిని మార్చుకునే వ్యవధి జామ్‌లో మీకు దొరకదు.

కీ పట్టుకున్న తరువాత అసలు రుచి గాంధారంలో ఉంది. మొదటి కార్డు నడుస్తున్నప్పుడు మూడో తీగ 5లోని ‘గ’ను అంతర గాంధారం వైపు కొద్దిగా, చేరీ చేరనట్లు లాగండి, రెండిటికీ నడుమ ఉన్న ఆ మూలుగే బ్లూస్. పాట నాలుగో కార్డుకు, అంటే ‘ఏ’లో ‘డి’కి మారినప్పుడు మాత్రం ఆ ‘గ’ను లాగకుండా నిలకడగా ఉంచండి, ఎందుకంటే అది ‘డి సెవెన్’ కార్డులోనే ఉన్న స్వరం. అయిదో కార్డుకు మారినప్పుడు ‘ప’ మీద ఆగండి. ఒకే లిక్కు, ఆగే చోటు మాత్రం వేరు. ఏ కీలోనైనా ఈ లెక్క మారదు.

జవాబు (మెంఫిస్)

అన్నయ్యగారు చెప్పినదానికి కొంచెం చేర్చుతాను. ‘ఫ్రమ్ ద ఫైవ్’ అంటే పన్నెండు బార్లలో 9వ బార్ నుంచి, అంటే అయిదో కార్డు మీద మొదలుపెట్టి, చివరి నాలుగు బార్లను ఉపోద్ఘాతంలా వాయించి అసలు పాటకు రావడం. ‘బి ఫ్లాట్’ మిమ్మల్ని ఏడిపించడానికి ఎంచుకున్నది కాదు. ట్రంపెట్, టెనర్ శాక్సఫోన్ ‘బి ఫ్లాట్’ వాద్యాలు, ఆల్టో శాక్సఫోన్ ‘ఇ ఫ్లాట్’ వాద్యం; అందుచేత వేదిక మీద ఊదేవారు ఉంటే ఆ కీలే ఎక్కువగా వస్తాయి. హార్మోనికా వాయించేవారు ముందుంటే వారి చేతిలో ఏది ఉందో అడగండి. బ్లూస్‌లో వారు ఎక్కువగా ‘సి’ హార్మోనికాతో ‘జి’లోనూ, ‘డి’ హార్మోనికాతో ‘ఏ’లోనూ వాయిస్తారు.

గోలలో మాట వినబడకపోతే గాయకుడి చేతిని గమనించండి. వేళ్లు కిందికి చూపిస్తే ఫ్లాట్ల లెక్క: ఒకటి ‘ఎఫ్’, రెండు ‘బి ఫ్లాట్’, మూడు ‘ఇ ఫ్లాట్’. పైకి చూపిస్తే షార్పుల లెక్క: ఒకటి ‘జి’, రెండు ‘డి’, మూడు ‘ఏ’. నేను మొదట్లో రెండు వేళ్లు కిందికి చూపినప్పుడు వాల్యూమ్ తగ్గించమన్నారనుకుని తగ్గించేసుకున్నాను.

మళ్లీ ప్రశ్న (కొత్త సభ్యుడు)

ఇద్దరికీ కృతజ్ఞతలు. నాలుగు రోజులుగా స్వరం పలుకుతూ వాయిస్తున్నాను, ఆరో తీగ దారిన 12 స్థానాలూ తడుముకోకుండా వస్తున్నాయి. ‘డి’కి 10వ ఫ్రెట్ దాకా వెళ్లడమెందుకని, అదే ఆకారాన్ని ఒక తీగ కిందికి, నాలుగు, మూడు, రెండు తీగల మీదికి దించి చూశాను. అపశ్రుతి వస్తున్నది. ఎక్కడ పొరపాటు?

జవాబు (నేపర్‌విల్)

పొరపాటు మీది కాదు, శ్రుతి చేసే పద్ధతిది. పక్కపక్క తీగల మధ్య దూరం అన్ని చోట్లా అయిదు ఫ్రెట్లు ఉండగా, మూడో తీగకూ రెండో తీగకూ మధ్య మాత్రం నాలుగే. అందుచేత మెడ పొడవునా జరిపితే ఆకారం చెక్కుచెదరదు, అడ్డంగా ఆ జంటను దాటిస్తే ఒక్క ఫ్రెట్ సర్దుకోవాలి. మీ లిక్కు మొదట మూడు, రెండు, ఒకటి తీగల మీద 7, 5, 5గా ఉంది. ‘డి’లో నాలుగు, మూడు, రెండు తీగల మీద అది 5, 2, 3 అవుతుంది: నాలుగో తీగ 5లో ‘మ’ లాగి, మూడో తీగ 2లో ‘ప’, రెండో తీగ 3లో ‘స’. నాలుగో తీగకు పైన సన్నని లోహపు తీగ చుట్టి ఉంటుంది కనుక అంత సులువుగా లొంగదు. లాగేటప్పుడు మూడు వేళ్లూ కలిపి పెట్టండి, అప్పటికీ ‘ప’ అందకపోతే జారుడుతో సరిపెట్టుకోండి.