అప్‌డేట్: నీతి తర్కమా, సహజాతమా, పరిణామమా?

ముందు నా ప్రశ్న ఇది: మనిషిలో నీతి ఆలోచనతో పుట్టిందా, సహజాతంగా పుట్టుకతోనే ఉందా, పరిణామం మిగిల్చిన అలవాటా? జవాబులిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. నీతికి మూలం తర్కమేనన్న జర్మన్ తత్వవేత్త కాంట్ గురించి ఇద్దరు కొట్లాడుకున్నారు, ఆ గొడవ జోలికి నేను పోను.

ఎక్కువ పనికొచ్చింది కోతుల ప్రయోగం. సారా బ్రోస్నన్, ఫ్రాన్స్ డి వాల్ అనే పరిశోధకులు 2003లో కాపుచిన్ కోతులతో చేశారు. చేతికిచ్చిన రాయి తిరిగిస్తే దోసకాయ ముక్క. అదే పనికి పక్క కోతికి ద్రాక్షపండు దక్కగానే, అప్పటిదాకా దోసకాయ తిన్న కోతులు చాలాసార్లు మొరాయించాయి. అన్యాయం తెలియడానికి తర్కశాస్త్రం అక్కర్లేదన్నమాట. అయితే తనకు తక్కువైతే మండిపోవడం సులువే. పక్కవాడికి తక్కువైనప్పుడు మండాలి, నా దృష్టిలో నీతి అక్కడ మొదలవుతుంది.

త్యాగాన్ని రక్తసంబంధంతో వివరించిన హామిల్టన్ (1964), ఇచ్చిపుచ్చుకోవడంతో వివరించిన ట్రివర్స్ (1971) అనే జీవశాస్త్రవేత్తలు మనల్ని చాలా దూరమే తీసుకెళ్తారు. మిర్చి సీజన్‌లో వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో ఒక హమాలీకి భుజం పట్టేస్తే, తోటివాళ్లు అతని బస్తాలూ మోసి కూలి అతనితో సమానంగా పంచుకోవడం చూశాను. ట్రివర్స్ చెప్పింది అక్షరాలా అదే: రేపు వాళ్ల భుజమూ పట్టేయవచ్చు.

మరి 2023 జూలై వరదల్లో, నడుము లోతు నీళ్లలో మా వీధి ముసలమ్మను వీపున మోసుకెళ్లిన కుర్రాడు? చుట్టమూ కాదు, మళ్లీ కనిపించనూ లేదు. గుంపు కోసం పుట్టిన సహజాతం పరాయివాళ్ల మీదికీ పొంగిందని ఒకరు రాశారు. ప్రస్తుతానికి నేనూ అటే మొగ్గుతున్నాను. కాంట్ పక్షం వారు ఆ కుర్రాడి సంగతి ఎలా వివరిస్తారో చెప్పండి.