సముద్రం వైపు ఫ్లాట్: హాలు, వంటగది మార్పులు సంక్రాంతిలోపు అవుతాయా?

పెదవాల్తేరు_మూడో_అంతస్తు

విశాఖలో పాతికేళ్ల నాటి అపార్ట్‌మెంటు. హాలు 16 × 11 అడుగులు, వంటగది 10 × 8. హాల్లో తూర్పు గోడ (11 అడుగుల వైపు) కిటికీ కింద నుంచి స్కర్టింగ్ దాకా ఉప్పు పొంగి, లప్పం పొరలు పొరలుగా రాలుతోంది. గీకి రంగు వేస్తే ఒక వానాకాలం ఆగుతోంది, అంతే. ఇంటీరియర్ వాళ్లు దాని మీద పీవీసీ ప్యానెల్ కొట్టేద్దాం అంటున్నారు. హాలుకీ వంటగదికీ మధ్య నాలుగున్నర అంగుళాల గోడ తీసేసి ఓపెన్ కిచెన్ చేయాలని ఉంది. వంట గట్టు ఎల్ ఆకారం, 10 + 6 అడుగులు, కింద మాడ్యులర్ కప్‌బోర్డులు. కొటేషన్‌లో హెచ్‌డీహెచ్‌ఎంఆర్ (చెక్క పీచు గట్టిగా నొక్కి చేసే) బోర్డు రాశారు, ప్లైవుడ్ అడగాలా? ఇప్పుడు నవంబరు మొదటి వారం, పండక్కి చుట్టాలు దిగుతారు. ఏది ముందు, ఏది తర్వాత?

మట్టపలక

ప్యానెల్ మాత్రం వద్దండి. దాని వెనక చెక్క రీపర్లు (సన్న పట్టీలు) కొడతారు. చెమ్మ బయటికి పోయే దారి మూసుకుపోయి రీపర్లు నానతాయి, స్క్రూలు తుప్పు పడతాయి, వచ్చే వానాకాలానికి సోఫా వెనక ముక్కిన వాసన మొదలవుతుంది. ఉప్పు కూడా ఆగదు, ప్యానెల్ అంచు దాటి పైకి పాకుతుంది.

మూడో అంతస్తు కనక నేలలోంచి ఎక్కే చెమ్మ కాదు, బయటి వాన నీరే. కిటికీ కింద మొదలైందంటే మొదటి అనుమానం సిల్ రాయి (కిటికీ అడుగున పరిచేది) మీద. అది బయటికి వాలుగా ఉందా, గోడ దాటి అంగుళంన్నరైనా ముందుకొచ్చిందా, అడుగున సన్న గాడి ఉందా చూడండి. ఆ గాడి దగ్గరే నీటిబొట్టు తెగి కింద పడాలి. గాడి లేకపోతే నీరు రాయి అడుగునే వెనక్కి పాకి గోడలో దిగుతుంది. కిటికీ ఫ్రేము చుట్టూ పాత సీలెంటు ఎండి పగిలిందేమో, ఏసీ పైపు బొక్క సరిగా మూశారో లేదో కూడా చూడాలి. బయటి ప్లాస్టింగ్‌ని తట్టి చూస్తే గుల్ల మోగే చోట నీళ్లు నిలిచి ఉండొచ్చు.

అనుమానం తీరాలంటే లోపలి గోడకి రెండడుగుల పాలిథీన్ షీటు నాలుగు వైపులా టేపుతో అతికించి ఒక రోజు వదిలేయండి. షీటు వెనక చెమట పడితే గోడలో నీరుంది. ముందు వైపు పడితే అది గదిలో గాలి తడి.

బయట సరిచేశాకే లోపలికి రండి. మరక ఆగిన చోటు నుంచి ఇంకో అడుగు పైదాకా, ఇటుక కనిపించేలా ప్లాస్టింగ్ కొట్టించాలి. ఇటుకల సందులు అర అంగుళం గీకి, వైరు బ్రష్‌తో ఉప్పుని పొడిగానే దులిపి ఊడ్చేయండి. ఇక్కడే చాలామంది గోడ మీద నీళ్లు కొట్టి కడిగేస్తారు. ఉప్పు కరిగి మళ్లీ ఇటుకలోకే పోతుంది, ఆర్నెల్లకి పైకి తేలుతుంది.

11 × 4 అడుగుల గోడకి 15 మి.మీ. మందాన, 1:4 పాళ్లలో మాలు అంటే సిమెంటు 30 కిలోలు, ఇసుక మూడు ఘనపుటడుగులు చాలు. వాటర్‌ప్రూఫ్ ద్రావకం మామూలుగా 50 కిలోల బస్తాకి 200 మి.లీ., అంటే మీకు 120. డబ్బా మీది లెక్క వేరేగా ఉంటే దాన్నే పాటించండి. దాన్ని కలిపే నీళ్లలో పోయాలి, ఆరుతున్న మాలులో కాదు. ఇసుక నాలిక్కి ఉప్పగా తగిలితే లోడు వెనక్కి పంపండి. ఏడు రోజులు తడపాలి, ఆ పైన కనీసం మూడు వారాలు ఆరాలి. తర్వాత షీటు పరీక్ష మళ్లీ చేసి, పొడిగా తేలితేనే లప్పం.

ఇక పండగ సంగతి. మన తీరానికి తుపాను భయం అక్టోబరు, నవంబరుల్లోనే ఎక్కువ, 2014లో హుద్‌హుద్ వచ్చింది అక్టోబరు 12నే. తడిసిన గోడకి బయటి కోటింగ్ పట్టదు. వరుసగా మూడు నాలుగు ఎండ రోజులు దొరికి ఈ నెల 20 లోపు ప్లాస్టింగ్ అయితే, డిసెంబరు ఆఖరుకి లప్పం పెట్టే వీలుంది. లేకపోతే ఫిబ్రవరి దాకా ఆగండి.

కాలమ్_బీమ్

గోడ గురించి. నాలుగున్నర అంగుళాలది కాబట్టి పార్టిషనే కదా అని సుత్తి ఎత్తకండి. వంటగదిలో ఏడడుగుల ఎత్తున అటక ఉందా? పాత ఫ్లాట్లలో ఆ అటక పలక చాలాసార్లు ఈ గోడ మీదే కూర్చుని ఉంటుంది. గోడ తీస్తే అటక, దాని మీది ఇత్తడి గంగాళాలతో సహా, కిందికి వస్తుంది. పలక అంచు గోడలోకి దిగిందో లేదో ఓ మూల చిన్న ముక్క ప్లాస్టింగ్ ఊడదీసి చూస్తే తెలుస్తుంది. స్ట్రక్చరల్ ఇంజనీరు చూసి సంతకం పెట్టాక, అసోసియేషన్‌కి చెప్పి మొదలుపెట్టండి.

నా ఓటు పూర్తి ఓపెన్ కిచెన్‌కి కాదు. మధ్యాహ్నం సముద్రపు గాలి హాల్లోంచి లోపలికి తోస్తే స్టవ్ మంట రెపరెపలాడుతుంది. సాయంత్రం గాలి తిరిగితే చేపల పులుసు వాసన కర్టెన్లకి పట్టి వారం ఉంటుంది. గట్టు ఎత్తుకి పైన నాలుగడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు కిటికీలాంటి ఖాళీ తీస్తే వెలుతురూ వస్తుంది, గిన్నెలూ అందించుకోవచ్చు. దానికి పైన అయిదడుగుల లింటెల్ (ఖాళీ మీది బరువు మోసే అడ్డ దూలం), రెండు వైపులా ఆరేసి అంగుళాలు గోడ మీద ఆనాలి. కింద రెండు 10 మి.మీ. చువ్వలు, పైన రెండు 8 మి.మీ. మామూలుగా సరిపోతాయి, కానీ అటక బరువు దాని మీద పడుతుంటే లెక్క ఇంజనీరు వేయాలి. కొట్టే ముందు అటక కింద జాకీలు పెట్టించండి. దుమ్ము పని ఇదే కాబట్టి అన్నిటికన్నా ముందు ఇదే.

పెదవాల్తేరు_మూడో_అంతస్తు

అటక ఉంది, ఆ గోడ మీదే ఆనినట్టుంది. సరే, కిటికీలాగే తీయిస్తా. చెక్క సంగతి చెప్పండి.

చిత్రిక

హెచ్‌డీహెచ్‌ఎంఆర్ పనికిరానిది కాదు. తేమ తట్టుకుంటుంది, నీళ్లలో నానితే తట్టుకోదు. పైన గోడ కప్‌బోర్డులకీ తలుపులకీ వాడండి, లామినేట్ చదునుగా పడుతుంది. కింది పెట్టెలకి ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై (నీళ్లు తట్టుకునే ప్లైవుడ్) అడగండి. ఆ ముద్రకి బంక 72 గంటల ఉడకబెట్టే పరీక్ష తట్టుకోవాలి. షీటు మీద ఐఎస్ఐ ముద్ర కింద సీఎం/ఎల్ (లైసెన్సు) నంబరు ఉంటుంది, బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడండి. సింకు కింది పెట్టె ఒక్కటి డబ్ల్యూపీసీతో (చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపిన బోర్డు) చేయించండి, అక్కడ ఏ చెక్కా నిలవదు.

లెక్క: మూల పోగా కింద నికరంగా 14 అడుగులు, అంటే రెండడుగుల పెట్టెలు ఏడు. 34 అంగుళాల ఎత్తు గట్టులో కాళ్లకి నాలుగంగుళాలు, రాయికి ఒకటి పోతే పెట్టె ఎత్తు 29. పక్కలు, అడుగు, ఒక అర, తలుపు కలిపి పెట్టెకి సుమారు 22 చదరపు అడుగుల 18 మి.మీ. బోర్డు. మొత్తం అయిదు షీట్లు, కోత వృథాతో ఆరు. కొటేషన్‌లో పది రాస్తే ఎందుకో అడగండి.

బోర్డు చెడేది కోసిన అంచుల దగ్గరే. ముందు కనిపించే అంచుకి మాత్రమే బ్యాండింగ్ (అంచు మూసే పట్టీ) వేసి, వెనకా అడుగూ పచ్చిగా వదిలేస్తారు. అన్ని అంచులూ మూయాలి, పైపు కోసం కొట్టిన బొక్కల లోపల కూడా సీలెంటు పూయాలి. కాళ్లు పీవీసీవి పెట్టించండి.

మడతబందులు ఎస్ఎస్ (స్టెయిన్‌లెస్ స్టీలు) 304 రకం. దుకాణంలో అయస్కాంతం పెట్టి ‘అంటుకోలేదు, 304’ అంటే నమ్మకండి, చవక రకం 202 కూడా అంటుకోదు. తేడా చెప్పేది లోహం మీద చుక్క వేసి చూసే పరీక్ష ద్రావకం. బాల్కనీ వైపు గడియలకి, దోమల తెర స్క్రూలకి మాత్రం 316. అందులో మాలిబ్డినం ఉంటుంది కాబట్టి ఉప్పుగాలికి మచ్చలు పడటం చాలా తక్కువ.

గట్టుకి తెల్ల పాలరాయి వద్దు. చింతపండు పులుసు చుక్క పడిన చోట మెరుపు పోతుంది. గ్రానైట్‌కి ఆ బాధ లేదు, టెక్కలి రాయి శ్రీకాకుళం జిల్లాదే. సింకు కోతకి ముందూ వెనకా మూడంగుళాల రాయి మిగలాలి. తక్కువైతే మోసేటప్పుడే అక్కడ విరుగుతుంది.

ఫేజ్_న్యూట్రల్

టైల్స్ అతికించే ముందే కరెంటు గాడులు కొట్టించండి. ఓవెన్, ఇండక్షన్‌లకి 4 చ.మి.మీ. వైరు, 20 ఆంపియర్ల ఎంసీబీ (లోడు ఎక్కువైతే పడిపోయే స్విచ్) విడిగా. ఫ్రిజ్, మిక్సీలకి 2.5, లైట్లకి 1.5. మెయిన్‌లో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్) తప్పనిసరి. తూర్పు గోడలో ఇనుప స్విచ్ బాక్సులు ఉంటే తీసేసి ప్లాస్టిక్‌వి పెట్టించండి. వానల్లో ఊరికే ట్రిప్ అవడానికి అవి కూడా ఒక కారణం కావొచ్చు.

సిలిండర్ని కప్‌బోర్డులో పెడితే తలుపు అడుగున గాలి కన్నాలు ఉండాలి. గ్యాస్ గాలికన్నా బరువు, కిందే చేరుతుంది.

పెదవాల్తేరు_మూడో_అంతస్తు

అంతా బాగుంది. ఆ గోడ ఆరకపోతే పండక్కి చుట్టాల ముందు సిమెంటు గోడేనా?

కిటికీ_పక్కన

దానికేముంది, గోడకి మూడంగుళాలు ఎడంగా కర్టెన్ రాడ్డు కొట్టి, పైనుంచి కింద దాకా పల్చటి నూలు తెర వేలాడదీయండి. పొందూరు ఖాదీ అయితే మరీ అందం. వెనక గాలి ఆడుతుంది, గోడ ఆరడం ఆగదు. రాడ్డు మేకులు పైన పొడి గోడలో పడాలి. సోఫా అటు ఆనించకండి, ఎదుటి గోడకి జరపండి.

ఫిబ్రవరిలో రంగు వేసేటప్పుడు మ్యాట్ తీసుకోండి. పక్క కిటికీ ఎండ వాలుగా పడుతుంది కాబట్టి మెరిసే రంగు అయితే లప్పం ఎత్తుపల్లాలన్నీ లెక్కపెట్టుకోవచ్చు. హాల్లో 3000 కెల్విన్ (పసుపు ఛాయ) లైట్లు, గట్టు మీద 4000 (తెలుపు ఛాయ). కప్‌బోర్డు కింది ఎల్‌ఈడీ పట్టీని గోడ వైపు కాకుండా ముందంచుకి పెట్టిస్తే, తరిగేటప్పుడు మీ నీడ కూరల మీద పడదు. ఏటికొప్పాక బొమ్మలు పెట్టాలనుకుంటే తూర్పు కిటికీ గూట్లో వద్దు, ఎండకి రంగు వెలుస్తుంది, లక్క మెత్తబడుతుంది.

మట్టపలక

తెర మంచి ఆలోచన. ఒక్కటే, ఆ మూడు వారాలూ పగలు కిటికీ తీసే ఉంచండి.